ఆమె ఏడవలేదు

గద్వాల బస్టాండులో ఉదయం ఏడున్నరకు వనపర్తి బస్సు ఎక్కాను. నాగర్‌కర్నూలులో ఒక సాహిత్య సభవాళ్లు కథ చదవమని పిలిచారు. నాకు ఆటిజం ఉందని ముందే చెప్పి, ఫోన్‌లో రెండే అడిగాను. శాలువా కప్పొద్దు, ఆ జరీ మెడకు తగిలితే ఇంకేదీ ఆలోచించలేను. నా కథ నేనే చదువుతాను. "గంతేనా మేడం, గట్లనే" అన్నాడు నిర్వాహకుడు.

ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. ఎర్రవల్లి చౌరస్తాలో పల్లికాయ సంచితో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. నా హెడ్‌ఫోన్స్ చూసి, "పాటలు ఇంటున్నవా బిడ్డా?" అని అడిగింది.

"లేదమ్మా, సప్పుడు పడదు నాకు."

"నాకు మా ఆయన మాట పడదు. గియి ఏడ దొరుకుతయ్?"

బీచుపల్లి వంతెన దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఆ రోజు నవ్వింది అక్కడే.

వనపర్తిలో బస్సు మారాలి. బస్టాండులో హారన్లు భరించలేం. నాలాంటివాళ్లు వెళ్తే చివరి ప్లాట్‌ఫారం దగ్గర నిలబడండి, కాస్త నయం. ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిని, పదకొండున్నరకల్లా నాగర్‌కర్నూలులో దిగాను.

స్టేజీ ఎక్కగానే శాలువా కప్పారు. తీసి కుర్చీ మీద పెట్టాను. నా కాగితాలు తెరిచేలోగా నిర్వాహకుడు చెవి దగ్గరకొచ్చి, "మీ గొంతుల ఫీలింగ్ రాదు మేడం. సార్ సదువుతడు, మంది ఏడుస్తరు" అన్నాడు. సార్ అంటే నాటకాలు వేసే పెద్దమనిషి. అప్పటికే మైకు ముందు నిలబడ్డాడు.

నా కథలో తల్లి చనిపోయిన రోజు కూతురు ఏడవదు. తల్లి కంచం కడిగి, బోర్లించి, వాకిట్లో కూర్చుంటుంది. అంతే కథ. ఆయన మాత్రం కంచాన్ని గుండెలకు హత్తుకుని "అమ్మా, నన్నిడిసిపోయినవా" అని గొంతు చించుకున్నాడు. ఆ మాట నేను రాయలేదు. జనం కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

లేచి మైకు అందుకున్నాను. "ఆమె ఏడవలేదు" అని, చివరి నాలుగు వాక్యాలు నేను రాసినట్టే చదివాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నిర్వాహకుడు మైకు తీసుకుని, "ఏమనుకోకుండ్రి. మేడంకు జర ఆరోగ్యం బాగలేదు. ఇసొంటోళ్లకు కోపమెక్కువ" అన్నాడు.

"నా కోపం రోగం కాదు. నువ్వు మాట తప్పినవ్, అందుకే వచ్చింది" అన్నాను. మైకు ఆయన చేతిలో ఉంది కాబట్టి ముందు వరుసకే వినబడింది. వాళ్లు పెట్టిన భోజనం తినలేదు. మూడింటి బస్సెక్కాను.

పెబ్బేరు దాటాక నిర్వాహకుడు ఫోన్ చేశాడు. "సార్ సదివిన లెక్క ముగిస్తే మందికి బాగ ఎక్కింది మేడం. మా సంచికల గట్లనే ఏస్తం."

"నా కథ వేస్తే నేను రాసినట్టే వెయ్యాలె. లేకుంటే అసలు వెయ్యొద్దు."

"గింత దానికి గంత కోపమేంది మేడం?"

ఫోన్ పెట్టేశాను. బస్సులు సమయానికే నడిచాయి, రోడ్డు బాగుంది. ఈ ప్రయాణంలో నన్ను ఇబ్బంది పెట్టింది బస్సు చప్పుడు కాదు, మనుషుల జాలి.

గద్వాల చేరేసరికి పొద్దు గూకింది. ఇంట్లో అన్నం తిని, నా కంచం కడిగి అరలో పెట్టాను. పక్కనే అమ్మ కంచం ఉంది. ఆ రోజు నేను కడిగి బోర్లించినట్టే ఉంది.