గుమ్మం బయట మేనత్త చెప్పులు

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త ఇక లేదన్నారు. ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వస్తే ఆమె చెప్పులు మా గుమ్మం ముందే ఉన్నాయి. అంతకుముందు శుక్రవారం మా ఇంట్లో ప్రార్థనలో కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఆటో ఎక్కించే కంగారులో చెప్పుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

తిరువూరులో మా వీధికంతా ఆమె ఆయమ్మ. చిన్న బడిలో ఏళ్ళ తరబడి ఆయాగా చేసి, వీధిలో సగం మంది పిల్లల ముక్కులు తుడిచింది. మీరెప్పుడైనా మా బస్టాండులో ఒక ముసలామె కండక్టరును దబాయిస్తుంటే చూసి ఉంటే, ఆమే అయ్యుండొచ్చు. నాన్న పోయాక నాకు పెద్దదిక్కు. శుక్రవారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లోనే జరగాలని పట్టుబట్టిందీ ఆమే, ఉపవాసం విడిచాక మా ఆవిడ వండిన పప్పులో ఉప్పు చాల్లేదని చెప్పిందీ ఆమే.

కిందటి వేసవిలో ఒక శుక్రవారం కొందరు కుర్రాళ్ళు బైకుల మీద వచ్చారు. బయట విడిచిన చెప్పులన్నీ మురుక్కాలవలోకి తన్నారు. "ఇన్ని జతలెవరివి? ఎంతమందిని మతం మారుస్తున్నారు? ఇంకోసారి ఇక్కడ చెప్పులు కనబడితే మాటలుండవ్" అని చెప్పి వెళ్ళారు. అత్త కాలవలోంచి చెప్పులు ఏరుతూ, "మారడానికేముందిరా, మా తాత కాలం నుంచీ ఇదే పాట, ఇదే చాప" అంది.

ఆ తర్వాత పాస్టరు గారు జాగ్రత్తలు చెప్పారు. తలుపు వేసుకోవాలి, పాట గది దాటకూడదు, చెప్పులు బయట ఉండకూడదు. మా ఆవిడ గుమ్మంలో బియ్యం గోతం తెరిచి పట్టుకునేది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చెప్పులు అందులో వేసేవాళ్ళు. అత్త ఒక్కతే ఒప్పుకోలేదు.

"మెల్లగా పాడమన్నారు, పాడతా. దేవుడికేం చెవుడు లేదు. చెప్పులెందుకు దాచాలి? నేనేమన్నా దొంగతనానికొచ్చానా?"

"అత్తా, పిన్నీసు పెట్టిన నీ నీలం చెప్పులు వీధిలో అందరికీ తెలుసు. మా ఇంటి మీదికి వస్తారే."

"మా అన్న ఇంటికి నేను రాకూడదంట్రా?"

పైగా ప్రార్థనలో ఆ కుర్రాళ్ళను పేరుపేరునా తలుచుకునేది. నాకు ఒళ్ళు మండేది. అడిగితే, "నేనెత్తుకు తిప్పిన పిల్లలేగా. పేరు చెప్పకపోతే ఎవరి సంగతి అడుగుతున్నానో ఆయనకెట్టా తెలుస్తుంది?" అనేది.

ఈ ఏడు మామిడికాయలు దిగుతున్న రోజుల్లో, ప్రార్థన అయి తలుపు తీస్తే ఆమె చెప్పులు విడిచిన చోటే, విడిచినట్టే ఉన్నాయి. పట్టీలు మాత్రం బ్లేడుతో కోసి ఉన్నాయి. మేం లోపల కళ్ళు మూసుకుని ఉండగా ఎవరో మా గుమ్మం ముందు కూర్చుని, తీరిగ్గా, చప్పుడు కాకుండా కోసి వెళ్ళారు. అత్త వాటిని చేతిలో తిప్పి చూసింది.

"చెప్పులు కోసినోడికి తలుపు తట్టే ధైర్యం ఇంకా రాలేదు" అంది. నా వైపు తిరిగి, "వచ్చిన రోజు మాత్రం తలుపు తియ్యి. లోపల కూర్చుని ఎవరూ లేరనమాకు" అంది.

ఆ ఎండలో ఒట్టి కాళ్ళతో ఇంటికి వెళ్ళింది. మరుసటి శుక్రవారం కొత్త జతతో వచ్చింది, అవీ నీలమే. అదే చోట విడిచింది. అప్పటి నుంచి ఒక బైకు మా ఇంటి ముందు వేగం తగ్గించి పోవడం మొదలైంది. ఆమె పోయిన మర్నాడు, మంగళవారం, సమాధుల తోటలో ఆమెను పెట్టేటప్పుడు గొంతెత్తి పాడాం. అప్పుడూ రోడ్డు మీద ఆ బైకు ఆగి ఉంది.

మొన్న శుక్రవారం మా ఆవిడ అలవాటుగా గోతం తెరిచి నిలబడింది. అత్త చెప్పులు తీయడానికి మాకు చేతులు రాక అక్కడే వదిలేశాం. గంపలగూడెం నుంచి షేర్ ఆటోలో వచ్చే పత్తికూలీ అక్క అందరికంటే ముందు వచ్చింది. గోతాన్ని చూసింది, ఆ చెప్పుల్ని చూసింది. తన జత వాటి పక్కనే విడిచి లోపలికి వచ్చింది. వెనక వచ్చినవాళ్ళూ చాలామంది అంతే. ఒకరిద్దరు గోతంలోనే వేశారు. వాళ్ళను నేను తప్పు పట్టను.

పాట మధ్యలో బైకు వచ్చింది. ఈసారి ఇంజను ఆగింది. మా పాట కూడా ఆగింది. ఎవరో తలుపు తట్టారు. లోపల మనుషులున్నారని తెలిసినవాళ్ళు తట్టినట్టు, నిదానంగా.

తలుపు తీశాక జరిగింది ఇక్కడ రాయను. ఇది అత్త కోసం రాస్తున్నది. నాకు భయం వేసింది, ఇప్పటికీ వేస్తోంది. కానీ ఆ పూట ఏం చెయ్యాలో నేను వెతుక్కోవలసిన పని లేకుండా చేసి పోయింది. అత్తా, నీకు వందనాలు.

తలుపు తట్టగానే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఉన్నాం, వస్తున్నా" అంటూ లేచాను. తలుపు కింది సందులోంచి మధ్యాహ్నపు వెలుగు లోపలికి పడుతోంది. అందులో చెప్పుల నీడలు వరసగా కనిపిస్తున్నాయి. వాటి మధ్య కదలకుండా రెండు బూట్లు.