మా పీటీ మేడం చెప్పనన్న మాట

మొన్న పొద్దున మా పై పోర్షన్‌లో కిరాయికుంటున్న అమ్మాయి కిందికి దిగి వచ్చింది. సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతోంది. "ఆంటీ, ఇంకో ఏడాది చదువుకుంటనని మా నాయనకు జర మీరు ఫోన్ చేసి చెప్పుండ్రి. మీరు చెప్తే ఇంటడు" అంది. కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్‌లో ఇల్లు కిరాయికిచ్చాక ఇలాంటి రాయబారాలు తప్పవు. కానీ ఆ రోజు ఎందుకో "నేను చెప్పను, నువ్వే చెప్పు" అనేశాను. పిల్ల మొహం చిన్నబోయింది. నేనైతే ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు, నారాయణగూడ బడిలో మాకు ఖోఖో నేర్పిన పీటీ మేడంది.

చీర కొంగు నడుముకు దోపుకుని, తెల్ల కాన్వాస్ బూట్లతో మేడం గ్రౌండ్‌లోకి దిగి ఈల వేస్తే చిక్కడపల్లి దాకా వినబడేదని మా నమ్మకం. జ్వరం, వాన, మేనమామ పెళ్లి, ఇవేవీ ఆమె దగ్గర చెల్లేవి కావు. "అలసిపోయిన మేడం" అంటే, "మంచిది, ఇగ ఆట షురూ చెయ్" అనేది. ఖోఖోలో వరుసగా కూర్చున్న పిల్ల, వెనక నుంచి తట్టి ఖో అనేదాకా లేవకూడదు. లేస్తే ఫౌల్. మేడం మా వెనక తీరిగ్గా తిరుగుతూ ఎంతసేపటికీ ఖో అనేది కాదు. తొడలు మండిపోయేవి. మిర్చి బజ్జీల బండి దగ్గర చేరి ఆమెను నోరారా తిట్టుకునేవాళ్లం. మర్నాడు సాయంత్రం బడి వదిలేసరికి అందరం మళ్లీ గ్రౌండ్‌లోనే ఉండేవాళ్లం.

నేను పదో తరగతిలో ఉండగా, జిల్లా జట్టు ఎంపికల ముందు, నాన్న ఆట మానెయ్యమన్నాడు. సాయంత్రాలు టైపు నేర్చుకోవాలట. ఆయన మాటకు మా ఇంట్లో ఎదురులేదు. నాకు లోకం ముగిసిపోయినట్టు అనిపించింది. ఏడుస్తూ మేడం దగ్గరికి పోయి, మా నాన్నకు ఒక్క మాట చెప్పమని బతిమాలాను.

"నేను చెప్తే నా కోసం ఒప్పుకుంటడు. రేపు ఇంకోటి అడ్డమొస్తది, అప్పుడు ఎవరొస్తరు? పో, నువ్వే చెప్పు" అంది. ఆ క్షణంలో ఆమె అంటే ఒళ్లు మండిపోయింది. ఇంటిదాకా ఆ కోపంతోనే నడిచాను.

నాన్న పేపరు చదువుతున్నాడు. వంటింట్లో అమ్మ పోపు వేస్తోంది. ఎదురుగా నిలబడ్డాను. "నాయనా, టైపు పొద్దున నేర్చుకుంట. ఆట మాత్రం ఇడువ" అన్నాను. పేపరు దిగింది.

"ఎవరు నేర్పిండ్రు నీకు ఈ మాట?"

"ఎవరూ నేర్పలే. నాకే ఆడాలనున్నది."

పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు కూర్చో, తర్వాత మాట్లాడదామన్నాడు. కూర్చుంటే ఇక ఆ మాట అక్కడితో ముగిసిపోతుందని నాకు తెలుసు. "మీరు సరే అన్నంక కూసుంట" అన్నాను. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. చివరికి ఆయన మళ్లీ పేపరు ఎత్తుకుంటూ, "దీపాలు పెట్టేటాళ్లకు ఇంట్ల ఉండాలె" అన్నాడు.

మర్నాడు ఎగురుకుంటూ పోయి చెబితే మేడం మెచ్చుకోనైనా మెచ్చుకోలేదు. ఆలస్యంగా వచ్చానని గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించింది. ఆ ఏడు జిల్లా జట్టులో ఆడాను. ఆ తర్వాత ఉద్యోగంలో, పెళ్లి మాటల్లో, ఆస్పత్రి గదుల్లో ఎందరి ముందో నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో మోకాళ్లు అరిగి మెట్లెక్కడం కష్టమైంది గానీ, ఆ సాయంత్రం నాన్న ముందు నిలబడ్డ పిల్ల మాత్రం ఇంతవరకూ కూర్చోలేదు.