ఎడమ చివర సీటు

అమీర్‌పేటలో షేర్ ఆటో ఎక్కి ఎడమ చివర కూర్చున్నాను. మాది శ్రీకాకుళం, పని మీద హైదరాబాద్ వచ్చాను. పంజాగుట్ట దగ్గర డ్రైవర్ వెనక్కి తిరగకుండానే అన్నాడు, “అన్నా, ఎడమకు తీసుకుంటున్న. జర చెయ్యి పెట్టు.”

“ఇండికేటర్ లేదా బాబూ?”

“ఉన్నది. గది ఎవరు చూస్తరు? చెయ్యి పెడితే ఆగుతరు.”

భయంభయంగా చెయ్యి బయటపెట్టాను. హారన్ కొడుతూ మీదికి వస్తున్న సిటీ బస్సు నెమ్మదించింది. ఆటో పక్కకు వెళ్ళి ఒకరిని దింపి మళ్ళీ బయలుదేరింది.

పక్కనున్న అమ్మాయి నా చేతినే చూస్తోంది. డ్రైవర్ లేకుండా నడిచే షేర్ బండ్లకు మన రోడ్ల వీడియోలతో పాఠం నేర్పే ఆఫీసులో తన ఉద్యోగమని చెప్పింది. వీడియోలో కనబడే ప్రతిదానికీ ఒక పేరు రాయాలట.

“ఆటోలకెల్లి చెయ్యి బయటికొస్తే ‘ప్రమాదం’ అని రాస్తం అంకుల్. మాకిచ్చిన లిస్టుల దానికి వేరే పేరు లేదు.”

“మీరూ రోజూ ఆటోలోనే వెళ్తారు కదమ్మా?”

“అవును. చివరకు కూసుంటే నేనే పెడత. ఆఫీసుకు పోయి ప్రమాదం అని రాస్త.”

“మరి ప్రమాదం అనుకుని ఆ బండి ఏం చేస్తుంది?”

“అది సుత ఆగుతది,” అంది. “కాని మనం దారి అడిగినమని దానికి తెల్వది.”

ఎర్రమంజిల్‌లో నేను దిగాను. ఆమె నా చోటికి జరిగింది. ఆటో కొంచెం దూరం పోయాక ఎడమ పక్క నుంచి గాజులు వేసుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది. వెనక లారీ ఆగింది.