సుగుణమ్మ గారి గదిలో ఫోను

మొన్న ఆసుపత్రిలో ఫ్యాక్సు యంత్రం కీచుమంది. పక్కనున్నవాళ్లు విసుక్కున్నారు గానీ నాకు ప్రాణం లేచొచ్చింది. నర్సీపట్నంలో మా చెరకు ఆఫీసు, అచ్చం అలాగే కూసే మోడెమ్ పెట్టె మీదకు వంగి వినే మా మేనేజరు సుగుణమ్మ గారు కళ్లముందు కదిలారు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడించే ఆమెకు, ఆ కూత వింటేనే విశాఖపట్నం కంప్యూటరు పలికిందో లేదో తెలిసిపోయేది. రైతుల వివరాలన్నీ అందులోనే. ఫోను లైను మీద దాన్ని అందుకుని, చెరకు నరకడానికి ఆర్డర్లు తీసిచ్చేవాళ్లం. ఆ ఆర్డరు లేనిదే ఫ్యాక్టరీలో చెరకు తీసుకోరు.

ఎనభైల చివర్లో, ఎండలు ముదురుతున్న రోజులు. గొలుగొండ నుంచి అప్పలనాయుడు గారనే పెద్దాయన రొప్పుకుంటూ వచ్చారు. పక్క పొలానికి ఆర్డరొస్తే తనకూ వచ్చేసిందనుకుని చెరకు కొట్టించేశారట. "బళ్ల మీదే ఎండిపోతంది. ఇయ్యాల ఫ్యాక్టరీ గేటు దాటకపోతే నా ఏడాది కష్టం మట్టిలో కలిసిపోద్దమ్మా!" అన్నారు. సుగుణమ్మ గారు ఆయన్ని తన గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు.

నంబరు తిప్పడం, కూత మొదలవడం, లైను తెగిపోవడం! నాకు ఒళ్లు మండి, తీగలు పీకి, వేగం తగ్గించి, చేతికందినవన్నీ మార్చేశాను.

"ఆగు సత్యం! అన్నీ ఒక్కసారే కెలికేస్తే తప్పెక్కడుందో ఎలా తెలుస్తాది? ఒక్కోటీ సూడు," అన్నారామె. మళ్లీ తిప్పించి, చెవి ఒగ్గి విన్నారు. "ఇందులో మనిషి గొంతుందేటి?" అంటూ వెళ్లి తన గదిలోకి తొంగి చూశారు.

ఆ గదిలో అదే లైనుకు రెండో ఫోనుంది. మేం నంబరు తిప్పినప్పుడల్లా దాని గంట టింగుమనేది. మేడమ్ గారి ఫోను వృథాగా మోగకూడదని నాయుడు గారు మర్యాదగా ఎత్తి, "అలో, ఎవురండీ? అమ్మగారు పన్లో ఉన్నారు," అని పెట్టేస్తున్నారు; ఆయన ఎత్తినప్పుడల్లా మా లైను తెగిపోతోంది!

నేను గయ్యిమనబోతే ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "నాయుడు గారూ, ఇలా రండి. మీ పేరెలా వత్తాదో మీరే సూద్దురు గాని," అని మోడెమ్ పక్కన కుర్చీ వేయించారు. ఈసారి లైను నిలిచింది. ఆర్డరూ వచ్చింది. "నేనొచ్చి కూకున్నాకే పనైంది సూసారా!" అని మురిసిపోతూ ఆయన బళ్ల దగ్గరికి పరుగెత్తారు.

"ఆయనకి సెప్పొద్దాండీ?" అన్నాను.

"సెప్తే సిగ్గుపడిపోయి మళ్లీ మన గుమ్మం తొక్కుతారేటి? బేగి ఆ ఫోను అక్కణ్ణించి తీయించు, సాలు."

ఆమె దగ్గర పనిచేయడం నా అదృష్టం. ఆ తర్వాత ఎన్నో ఆఫీసుల్లో తెగిపోయిన లైన్లు కలిపాను. తప్పెవరిదని అడిగితే ఈనాటికీ నాది ఒకటే జవాబు: "ఫోనుదండీ."