శుక్రవారం గడప దాటని జొన్నలు

"మీ విత్తనం వడ్లకు తడి సోకనియ్య. వారానికోసారి బస్తాలు ఇప్పించి చూస్త" అని మా ఊరి గోదాము మేనేజరు మా బాపుకు మాటిచ్చాడు. మాది పెద్దపల్లి పక్కన ఒక ఊరు. నాకప్పుడు పదిహేడేళ్ళు. వారానికోసారి కాదు కదా, ఆ వానకాలమంతా ఒక్కసారి కూడా విప్పించలేదు. చివరికి తెరిస్తే లోపలి బస్తాలు ముద్దకట్టి, బూజుపట్టి ఉన్నాయి. మా ఇంటి సన్నవడ్ల వంగడం అక్కడితో పోయింది. అది మళ్ళీ మా ఊళ్ళో పండలేదు.

అప్పటినుంచి ధాన్యం నిల్వ మీద చేతికందిన పుస్తకమల్లా చదివాను. చదివినకొద్దీ కోపం పెరిగిందే కానీ తగ్గలేదు. గింజ ఊపిరి పీలుస్తుంది. తడి తగిలితే నడిమధ్యన వేడి పుడుతుంది. ఆ వేడి పైకి తెలిసేసరికి లోపల జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. మొన్నామధ్య ఫోనులో ఒక వీడియో చూశాను. బోథ్ దగ్గర పల్లెలో సునీత అనే అమ్మాయి జొన్నలు నిల్వచేసే గుమ్మిలో సెన్సర్ల కడ్డీ గుచ్చి, లోపలి వేడి, తడి ఫోనులో చూపిస్తోంది. చూడటానికి రావచ్చా అని రాశాను. వెంటనే రమ్మంది. కరీంనగర్‌లో నాతో పొద్దున నడిచే రిటైర్డు మేధావులు నవ్వారు. వెనుకటివాళ్ళకు ఏ సెన్సర్లున్నాయి, చెయ్యి పెట్టి చెప్పేవాళ్ళు కదా అన్నారు. వెనుకటి కాలంలో ఎన్ని గుమ్ములు కుళ్ళాయో వీళ్ళకు తెలియదు. కుళ్ళినవాటి గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు కనుక.

శ్రావణమాసం, శుక్రవారం. పొద్దున ఆరింటికి కరీంనగర్ బస్టాండులో జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా నిర్మల్ పోయే బస్సెక్కాను. నాలుగు గంటల ప్రయాణం, టికెట్టు మూడు వందల పైచిలుకు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. ముసలివాళ్ళకు ఉచితంగా దొరికేవి సలహాలే, అవి మాత్రం జగిత్యాల దాకా దండిగా దొరికాయి. నిర్మల్‌లో ఉప్మా తిని ఆదిలాబాద్ బస్సు పట్టుకున్నాను. ఆ తరువాత వచ్చే ఘాట్ రోడ్డు కోసమైనా వానకాలంలో ఈ దారిన వెళ్ళండి. మబ్బులు రోడ్డు మీదికి దిగి ఉన్నాయి. చెట్ల ఆకుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్క సీటాయన కిటికీ మూయమంటే వినబడనట్టు కూర్చున్నాను. నేరడిగొండలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. మూడు వందలన్నాడు, రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు. ఎవరింటికని అడిగితే సునీత పేరు చెప్పాను.

"గుమ్మికి జ్వరం చూసే సునీతక్కనా? ఎక్కు సారూ. పొద్దుగాల్నుంచి ఆ ఇంట్ల పంచాయితే నడుస్తుంది."

పంచాయితీ నిజమే. పెంకుటింటి నడిమి గదిలో నిలువెత్తు గుమ్మి ఉంది. వెదురుతో అల్లి, పేడతో అలికినది. మహిళా సంఘం వాళ్ళంతా తెల్లజొన్న విత్తనాన్ని దాంట్లోనే దాచుకున్నారు. దసరా దాటాక అందరి చేన్లలో పడాల్సింది అదే. ఆ రకం అంగట్లో కొందామన్నా దొరకదు. గుమ్మి నడినెత్తి నుంచి అడుగు దాకా ఒక సన్నటి కడ్డీ దిగింది. దానికి పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి, మూడు సెన్సర్లు. కడ్డీ కొసకు పసుపు రాసి, బొట్టుపెట్టి, వేపరెమ్మ కట్టారు. తెల్లవారేసరికి నడిమి సెన్సరు వేడి, తడి రెండూ పెరుగుతున్నాయని సునీత ఫోనుకు కబురు పంపింది. పైనున్నదీ కిందున్నదీ మామూలుగానే ఉన్నాయి.

సునీత గుమ్మి విప్పుదామంటోంది. సంఘం పెద్ద ఆమె అత్త శాంతాబాయి. అరవై దాటిన మనిషి, గుమ్మికి ఆనుకుని కూర్చుంది. శ్రావణ శుక్రవారం నాడు ధాన్యం బయటికి తీస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని ఆమె వాదం. తన అత్త తీయలేదు, అత్తకు అత్త తీయలేదు. రేపు పొద్దున విప్పుతానంది. ఫోను మోగింది. మస్కట్‌లో ఉన్న ఆమె కొడుకు, సునీత భర్త. కడ్డీ కబురు అతని ఫోనుకూ వెళ్తుందట. "అవ్వా, నాకు గీడ డ్యూటీల పరేషాన్ ఐతుంది, జర తియ్యరాదే" అని బతిమాలాడు. అక్కడినుంచి గుమ్మికి కాపలా కాయొద్దు, బిడ్డ ఫీజు పంపమని చెప్పి శాంతాబాయి ఫోను పెట్టేసింది.

తరువాత లేచి, గుమ్మి మూతిలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. "సల్లగనే ఉన్నయి. గా కడ్డీకే ఏమో అయింది" అంది.

నాకు ఒళ్ళు మండింది. అదే చెయ్యి, అదే మాట. ఆ ఏడు బాపు అనుమానపడి, బస్తాలు విప్పించాల్సిందేనని గోదాముకు వెళ్ళాడు. వెంట మా మేనమామ వచ్చాడు. మేనేజరు ముఖం చిన్నబోతుందని ఆయనకు మొహమాటం. ముందువరుసలో మూతి వదులైన బస్తాలో చెయ్యి పెట్టి, "సల్లగున్నయి బావా, పెద్దమనిషిని అనుమానించుడు మంచిది కాదు" అని బాపును వెనక్కి తీసుకొచ్చాడు. ఇదంతా శాంతాబాయికి చెప్పాను. చివరికి ఇంతే అన్నాను: "చెల్లె, నీ చెయ్యి అబద్ధం చెప్తలేదు. అది నడిమి దాకా పోతలేదు, అంతే."

ఆమె ముఖం తిప్పుకుని మళ్ళీ గుమ్మికి ఆనుకుంది. కోపం వచ్చిందనుకున్నాను. అప్పుడు సునీత మెల్లగా అడిగింది.

"అత్తమ్మా, లచ్చిమి గుమ్మి దాటొద్దా, గడప దాటొద్దా?"

శాంతాబాయి గుమ్మిని వదిలి గడప వైపు చూసింది. "మా అత్త గడపనే అన్నది" అంది. పెదవి చివర నవ్వు మొదలైంది. "గింజ గూడ గడప దాటొద్దు మరి. దాటిందో, నిన్ను గూడ దాటిస్త."

ఆ తరువాతి మూడు గంటలు నా జీవితంలో ఇటీవల ఎన్నడూ లేనంత సంతోషంగా గడిచాయి. గుమ్మి మీది మూత తీసి, తట్టలతో జొన్నలు తోడి, ఇల్లంతా పరిచారు. నడిమి గది, పడక గది, మంచం, దేవుడి గూటి ముందు, చివరికి పొయ్యి చుట్టూ కూడా తెల్లటి జొన్నలే. ఉన్న ఫ్యాన్లన్నీ తిప్పారు. సంఘం ఆడవాళ్ళు గడపకు అడ్డంగా చీరలు చుట్టి పెట్టారు. బయటికి పోయే ప్రతివాళ్ళూ గడప లోపలే నిలబడి, కాళ్ళు దులుపుకుని, చీర కుచ్చిళ్ళు విదిలించి పోవాలి. నా ప్యాంటు మడతల్లో గింజలు దొరికాయి. శాంతాబాయి దొంగను పట్టినట్టు పట్టుకుంది. "కరీంనగరోళ్ళు ఉత్తగ రారని నాకెర్కనే" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. మా ఇంట్లోవాళ్ళు చూస్తే నమ్మేవాళ్ళు కాదు.

సగం తోడాక తడి చోటు దొరికింది. వెదురు గోడ నుంచి నడుమ దాకా గింజలు ఉండకట్టి, ముక్కిన వాసన వేస్తూ, చేతికి వేడిగా తగిలాయి. పైకి చూస్తే పెంకు ఒకటి పక్కకు జరిగి ఉంది. కోతుల పని. వాననీళ్ళు వాసం వెంట జారి, గుమ్మి గోడలోకి దిగాయి. పైనున్న జొన్నలకు చుక్క తగల్లేదు. శాంతాబాయి ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. ఒక తట్టెడు పోయింది, మిగతాదంతా పొడిగా ఉంది. కడ్డీకి ఇంకొంచెం పసుపు రాసింది.

వంటింట్లో అడుగు పెట్టే చోటు లేదు. పక్కింటివాళ్ళు జొన్నరొట్టె, పుంటికూర, అదే గోంగూర, తెచ్చారు. అరుగు మీద కూర్చుని తిన్నాం. ఆ రొట్టె రుచి గురించి రాస్తే ఎక్కువ చేసి చెప్పినట్టుంటుంది. నాలుగున్నరకు బయలుదేరాను. రాత్రికి నిర్మల్‌లో బస, గది ఎనిమిది వందలు, శుభ్రంగా ఉంది. శనివారం ఎండ కాసిందని, జొన్నలన్నీ వాకిట్లో ఆరబోశామని సునీత ఫోనులో చెప్పింది. తరువాతి వారం ఫొటో పంపింది. తడిగుడ్డలో మూటకట్టిన విత్తనాలకు తెల్లటి మొలకలు. దాదాపు అన్నీ మొలిచాయి. ఆ ఫొటో నా పొద్దుటి నడక మేధావులకు ఒక్కొక్కరికీ చూపించాను. ఒకాయన కళ్ళజోడు మరిచిపోయానన్నాడు. మర్నాడు మళ్ళీ చూపించాను.

మీరు వెళ్ళదలిస్తే ఒక్క మాట. బోథ్ వైపు పల్లెల నుంచి సాయంత్రం ఐదు దాటితే ఆటోలు దొరకవు. దింపినవాడి నంబరు తీసుకుని, తిరుగు ప్రయాణం అప్పుడే మాట్లాడుకోండి. ఇక నా సంగతి. గోదాము మేనేజరు మీది కోపం ఆ శుక్రవారమే వదిలేశాను. బద్ధకస్తుడు మాట తప్పడంలో వింత లేదు. శాంతాబాయి మీద కూడా కోపం లేదు. ఆమె తన చెయ్యిని నమ్మింది, కానీ చివరికి గుమ్మి విప్పింది. విప్పబోయినవాణ్ణి ఆపినవాడు వేరు. బస్తాలు ముద్దకట్టి బయటపడ్డ తరువాత కూడా, బాపు బతికున్నంతకాలం, ఆ ఆపిన మనిషి ఒక్కసారీ "నేను తప్పు చెప్పిన" అనలేదు. పోయి చాలా ఏళ్ళయింది, పోయినవాళ్ళను అనకూడదంటారు. అంటాను. ఆ మనిషి మా మేనమామ కొంరయ్య.