జింగనూర్‌లో ఏడు వేలిముద్రలు

ఈమధ్య ఒకరు అడిగారు, సిరోంచ మీదుగా జింగనూర్ అడవికి ఎలా వెళ్లాలని. ఇప్పటి దారి మీకు ఫోనే చెబుతుంది. నేను వెళ్లింది ఎనభైల నడుమ, కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన లేనప్పుడు. అప్పుడు హనుమకొండలో ఎం.ఏ. చదువుతున్నాను. ప్రతి శనివారం సాయంత్రం లైబ్రరీ వెనక మెట్ల మీద టీ గ్లాసులతో కూర్చునేవాళ్లం. హాజరు లేదు, సిలబస్ లేదు. ఒక వారం స్వచ్ఛంద సంస్థల గురించి, ఒక వారం లాభం కోసం కాక జనం కోసం నడిచే వ్యాపారాల గురించి, ఇంకో వారం సర్కారు మీద ఆధారపడకుండా పౌరులు తమంతట తాము చేసుకోగల పనుల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఏ ప్రశ్న వచ్చినా మొదట చెయ్యెత్తేది నేనే. ఇరవై రెండేళ్ల పిల్లను. నాకు తెలియని విషయమంటూ లేదు, ఒక్కచోట పది నిమిషాలు కుదురుగా కూర్చోవడం తప్ప.

మే నెలలో ఒక శనివారం వెనక మెట్టు మీద నుంచి ఒకాయన లేచాడు. పేరు పోచం. సొంతూరు గోదావరి అవతల సిరోంచ, జింగనూర్‌లో బడిపంతులు, వేసవి సెలవుల్లో చుట్టాలింటికి హనుమకొండ వచ్చాడట. తండ్రి ఒకరి పొలంలో కూలి చేస్తూనే ఈయన్ని చదివించాడట. "మీరు జెప్పేటియన్ని మంచిగనే ఉన్నయ్ సార్. మా తాన ఆడోళ్లు ఇప్పపువ్వు ఏరి ఒక్కతాన కుప్పేస్తున్రు. వాన వడితే కరాబైతదని షావుకారికి అగ్గువకు అమ్ముతున్రు. సర్కారోళ్లు గోదాము ఇస్తరట, గని సంఘం రిజిస్టరు గావాలె. ఆ కాగితం నింపెటోళ్లు ఎవరన్న వస్తరా?" అన్నాడు. ఏడుగురి పేర్లు, సంతకాలతో ఆ కాగితం వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా గడ్చిరోలి ఆఫీసులో అందాలి. అందరూ ఎవరి గ్లాసులోకి వాళ్లు చూసుకున్నారు. నేను అలవాటు ప్రకారం చెయ్యెత్తాను.

బుధవారం పొద్దున అయిదున్నరకు హనుమకొండలో బస్సెక్కాను. పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరేసరికి పదిన్నర దాటింది. టికెట్టు పది రూపాయల చిల్లర. ఇసుకలో చాలా దూరం నడిస్తే గానీ నీళ్లు రాలేదు. పడవకు ఒక రూపాయి. పడవ నడిపే ముసలాయన రెండుసార్లు చూసి ఊరుకున్నాడు, మూడోసారి ఊరుకోలేదు. "ఎటు వోతున్నవ్ బిడ్డా?" "జింగనూర్." "గంత దూరమా? ఎవరున్నరు ఆడ?" "ఎవరూ లేరు, పనుంది." "పనుంటె పాయె గని, జర నిమ్మళంగ కూసో. గడియకోసారి లేస్తె పడవ ఊగుతది." పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నాకు కోపం వచ్చింది. కూర్చున్నాను, కాలు మాత్రం ఆడుతూనే ఉంది.

సిరోంచ బస్టాండులో పోచం నాకోసం కాచుకుని ఉన్నాడు. పోహా తిని, మధ్యాహ్నం రెండింటి ఎర్ర బస్సెక్కాం. దాన్ని అక్కడ ముక్కాం గాడి అంటారు. సాయంత్రం జింగనూర్ చేరి, రాత్రి అక్కడే ఆగి, మర్నాడు తొమ్మిదింటికి వెనక్కి బయలుదేరుతుంది. బోర్డు మరాఠీలో, కండక్టరు కేకలు హిందీలో, బస్సులో కబుర్లు సగం తెలుగులో, సగం గోండిలో. యాభై కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది. దారి పొడుగునా నేను పోచానికి సంఘం నిబంధనలు చదివి వినిపించాను. పాపం, ఆయన అన్నిటికీ తలూపాడు.

నా బస సోమక్క ఇంట్లో. పువ్వు ఎవరికి వాళ్లు కాక అందరూ కలిపి దాచుకోవాలన్న ఆలోచన మొదట ఆమెదే. యాభై ఏళ్లుంటాయి. సిరోంచ అంగడికి పోయి పోయి తెలుగు నేర్చుకుంది. అన్నం, చింతపులుసు పెట్టి, ఇంటి మూల చూపించింది. "పోయినేడు గీడనే పెట్టిన. ఇల్లు కురిసి పువ్వంత బూజువట్టింది. ఈ ఏడన్న నిలవాలె బిడ్డా" అంది. తర్వాత ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పింది. "తునికాకు దినాలు గదా, బీడీల ఆకు కొయ్య పొద్దుగాల అడివికి వోత. పొద్దు నెత్తిమీదికి వచ్చెవరకు వస్త. నేనొచ్చినంక కూసుందం." నేను సరేనన్నాను. నిద్రపోయే ముందు చేతిగడియారానికి కీ ఇచ్చుకున్నాను.

గురువారం ఏడింటికే బడి ముందు కాగితాలు పరిచాను. పదిమంది పెద్దలు వచ్చి కూర్చున్నారు. వానల గురించి, ఎవరిదో తప్పిపోయిన ఎద్దు గురించి మాట్లాడుకున్నారు. మాట నా కాగితం మీదికి రాదు. నేను లేస్తాను, కూర్చుంటాను, తొమ్మిదింటి బస్సు దాటిపోతుందేమోనని గడియారం చూస్తాను. చివరికి పోచాన్ని పక్కకు పిలిచి, ఏమిటీ ఆలస్యమని అడిగాను.

"ఇంటికొక్కరన్న కూసోవాలె చెల్లె. అందరు అయిందన్నంకనే అయినట్టు. సగం మంది ఆకుకు వోయిన్రు, సోమక్క గూడ లేదాయె."

"చట్టానికి ఏడుగురు చాలు కదా!"

"చట్టం సంగతి గాదు, ఈడ గట్లనే నడుస్తది. మాపటికి ఆకు లారీ సిరోంచకు వోతది. అండ్ల పంపిస్త. తెల్లారి అయిదింటికి గడ్చిరోలి బస్సున్నది, ఆఫీసు టయానికి అందుతవ్."

లారీ వస్తుందో రాదో అన్నాను. నిజం చెప్పాలంటే, ఇంకో ఎనిమిది గంటలు ఆ బడి ముందు కూర్చోవడం నా వల్ల కాలేదు. సిరాడబ్బా తెరిచి, ముందు వరసలో ఉన్న పెద్దాయన ముందు పెట్టాను. ఆయన పోచం వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇంటికొచ్చిన ఆడపిల్ల అంత తొందరపడుతుంటే కాదనడం వాళ్లకు చేతకాలేదు. ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు వేలు పెట్టారు. ఒక్కరూ మాట్లాడలేదు. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

ఫైలు పట్టుకుని తొమ్మిదింటి బస్సెక్కాను. అది ఊరు దాటి కొంత దూరం పోయాక, ఆకు మోపులతో ఆడవాళ్లు ఎదురయ్యారు. సోమక్క చెయ్యెత్తింది. కండక్టరు ఆపించాడు. ఆమె కిటికీ దగ్గరకు వచ్చి, "అయిందా?" అంది. "అయిపోయింది సోమక్కా!" అని నేను ఫైలు ఎత్తి చూపించాను. "నేను రాలే గదా" అంది. ఏడుగురు చాలని, అది చట్టమని విడమరచి చెప్పాను. ఆమె అంతా విన్నది. "మంచిగ పో బిడ్డా" అని, మోపు సర్దుకుని నడిచింది.

ఆ రాత్రి ఆలపల్లిలో ఆగి, శుక్రవారం పొద్దున పదకొండింటికి గడ్చిరోలి ఆఫీసులో కాగితం ఇచ్చాను. గుమాస్తా రసీదు రాస్తూ, సాయంత్రం అయిదు దాకా టైముంది, ఎందుకమ్మా ఈ పరుగు అని హిందీలో అడిగాడు. అప్పుడైనా నాకు తట్టలేదు. తర్వాతి శనివారం మెట్ల మీద నా జింగనూర్ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా.

జూలైలో పోచం ఉత్తరం వచ్చింది. గోదాము మంజూరైందట. ఆ ఏడుగురే వద్దన్నారట. "ఊరు కూసోలేదు, మేమెట్ల తీసుకుంటమని అన్నరు. ఆఫీసుకు వోయి మా వేలిముద్రలు చెరిపించి రమ్మని నన్ను అడిగిన్రు. సోమక్క పువ్వంత తొలివానకు ముందే షావుకారికి వేసింది. మీరు బాగున్నారా అని అడిగింది" అని రాశాడు. ఆ చివరి వాక్యం దగ్గర ఏడ్చేశాను. జనమే నిర్ణయించుకోవాలని రెండేళ్లుగా మెట్ల మీద గొంతు చించుకున్నదాన్ని, జనం నిర్ణయించుకుంటుంటే కళ్లెదుటే చూసి, దాన్ని ఆలస్యమనుకున్నాను. మాట ఇచ్చింది సోమక్కకు, నిలబెట్టుకున్నది బస్సు టైముకు. ఇన్నేళ్లయినా నా మీద నాకు ఆ కోపం పోలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. తునికాకు రోజుల్లో జింగనూర్ వెళితే, చేరిన మర్నాడు పొద్దుటి బస్సుకు తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. ఆ వేళకు సగం ఊరు అడవిలో ఉంటుంది. మధ్యాహ్నానికి అందరూ వచ్చేస్తారు.