వాల్టర్ అంకుల్ వాళ్ళ అబ్బాయి

నిన్న ఆఫీస్‌లో ఎవరో మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ మాడ్చారు. ఆ వాసనకి చిన్నప్పుడు నేపర్‌విల్‌లో మా పక్కింట్లో ఉండే వాల్టర్ అంకుల్ గుర్తొచ్చారు. ఆదివారాలు అమ్మకి హాస్పిటల్‌లో డ్యూటీ పడితే నన్ను ఆయన దగ్గర వదిలి వెళ్ళేది. ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉండేవారు. ఆయన మాడ్చిన పాప్‌కార్న్ తింటూ ఇద్దరం టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళం.

ఒక ఏడాది ఆయనకి ఇష్టమైన టీమ్, బంతి విసిరే కుర్రాడికి కాపుగా వరసలో నిలబడే ఐదుగురినీ మార్చేసింది.

"ఈసారి లైన్ గట్టిదమ్మా. మావాడి మీద చెయ్యి పడనివ్వరు," అన్నారు అంకుల్.

మొదటి ఆటలోనే అవతలి టీమ్ వాళ్ళు ఆ కుర్రాడిని పడేశారు. అతను లేచేదాకా అంకుల్ కుర్చీలో కూర్చోలేకపోయారు. అంత బాధపడుతున్నారంటే అతను ఆయన కొడుకే అనుకున్నాను.

"మీ అబ్బాయి ఇంటికెప్పుడొస్తాడు అంకుల్?"

ఆయన నా గిన్నెలో ఇంకాస్త పాప్‌కార్న్ పోశారు.

"సీజన్ అయిపోనీ," అన్నారు.

మంచు కరిగేదాకా ఎదురుచూశాను. ఎవరూ రాలేదు.

ఆయనకి పిల్లలే లేరని చాలా ఏళ్ళకి అమ్మ చెప్పింది. ఆరోజు ఆయన కాదని ఎందుకు అనలేదో, ఉద్యోగానికని ఈ ఊరొచ్చి ఒక్కదాన్నే ఉండటం మొదలయ్యాకే నాకు అర్థమైంది.